సీసాలకు పోసిన నీళ్ళు

నేనేం పని చేస్తానో జనానికి చెప్పడం నాకు ఎప్పుడూ చేతకాలేదు. కాలేజీలో జువాలజీ చెబుతానంటే తల ఊపి ఊరుకుంటారు. పరిశోధన దేని మీద అని అడిగారంటే మాత్రం తలప్రాణం తోకకొస్తుంది. సముద్రంలో ఉండే రొయ్యల్లాంటి చిన్న ప్రాణుల మీద అంటే మొదట నవ్వుతారు, తర్వాత జాలి పడతారు. "సముద్రం యాడుండాదక్కా మనకు? ఈడ బిందె నీళ్ళకే కొట్టుకు సస్తాంటే!" అని మా ఎదురింటి ఆమె ఒకసారి మొహం మీదే అడిగింది. అడగదూ మరి! అనంతపురంలో మా వీధికి కొళాయి నీళ్ళు వచ్చేది దేవుడు దయ తలచిన రోజున. సముద్రం చూడాలంటే రాత్రంతా రైల్లో కూర్చోవాలి.

అవి అచ్చంగా రొయ్యలు కావు. శాస్త్రంలో వాటిని మైసిడ్లు అంటారు. తెలుగులో పేరు లేదు, పేరు పెట్టేంత అవసరం ఎవరికీ కలగలేదు. బియ్యపుగింజంత ఉంటాయి, మహా పెద్దవైతే గోరంత. ఆవగింజల్లాంటి రెండు నల్లని కళ్ళు తప్ప ఒళ్ళంతా గాజు. అలలు విరిగే చోట, ఒడ్డున ఇసుక కదిలే నీళ్ళలో గుంపులుగా తిరుగుతాయి. ఆడదానికి పొట్ట కింద ఒక సంచీ, అందులో పిల్లలు. నేను మొదటిసారి వల లాగినప్పుడు ఒడ్డున చేపలు ఏరుతున్న ఆడవాళ్ళు వచ్చి తొంగి చూసి పకపకా నవ్వారు. "వీటి కోసమా అమ్మా ఇంత దూరం వచ్చావు? పిల్లి కూడా ముట్టదు వీటిని" అంది ఒకామె. నాకు ఒళ్ళు మండింది గానీ ఆమె అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు.

మనుషుల్ని మొహం చూసి గుర్తు పడతాం, వీటిని తోక చూసి గుర్తు పట్టాలి. తోక నడిమి రేకు చివర చీలి ఉందా, గుండ్రంగా ఉందా, అంచున ముళ్ళు ఎలా పేర్చి ఉన్నాయి అని సూక్ష్మదర్శినిలో చూస్తూ కూర్చుంటే మెడ పట్టేస్తుంది. తోకకు అటూ ఇటూ ఉండే రెక్కల్లో ఒక్కొక్క చిన్న గుండు కనబడుతుంది. పైదేదో కిందదేదో ఆ ప్రాణికి చెప్పేది ఆ గుండే. చాలా రకాల్లో అది ఫ్లోరైడుతో గట్టిపడిన రాయి. అది చదివిన రోజు నాకు నవ్వొచ్చింది. మా నాయన పళ్ళు గోధుమరంగుకు తిరగడానికీ, ఆయన మెడ కర్రలా బిగుసుకుపోవడానికీ కారణం మా నీళ్ళలోని ఆ ఫ్లోరైడే. సముద్రంలో వాటికి తోవ చూపించేది మా దగ్గర మనుషుల్ని వంచేసింది.

ఏళ్ళ తరబడి దసరా సెలవులన్నీ, వేసవి సెలవులన్నీ తీరం మీదే గడిపాను. నడుము లోతు నీళ్ళలో చేతివల లాగడం, పడినవాటిని కుళ్ళకుండా అక్కడికక్కడే స్పిరిట్ సీసాలో వేయడం, పెన్సిల్‌తో ఊరు పేరు రాసిన కాగితం ముక్క సీసాలోనే పడేయడం, తిరిగొచ్చి కాలేజీ ల్యాబులో ఒక్కొక్కదాని తోక విప్పి చూడడం. ఏ రకం ఏ ఒడ్డున ఉందో తీరం పటం మీద చుక్క పెట్టాలి. అదే నా పరిశోధన. నాకు దారి చూపిన ప్రొఫెసర్ గారు తీరం వైపు మనిషి, మాట మెత్తన, నియమం మాత్రం ఉక్కు. "సీసాలో ప్రాణి ఉంటేనే పటం మీద చుక్క. సీసా లేని చుక్క పెట్టావంటే అబద్ధం రాసినట్టేనమ్మా" అని మొదటిరోజే చెప్పారు. ఎవరైనా అనుమానపడితే సీసా మూత తీసి చూపించగలగాలి. ఫోటోలున్నాయి కదా అంటారు తెలియనివాళ్ళు. ఫోటోలో తోకను తిప్పి చూడలేం.

ఒక ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర దొరికినవి ఏ పుస్తకంలోని తోకతోనూ కలవలేదు. నడిమి రేకు చివర చీలిక లేదు సరికదా, అక్కడ రెండు పెద్ద ముళ్ళు ఒకదాని మీద ఒకటి కత్తెరలా పడి ఉన్నాయి. పది రకాలుగా తిప్పి చూశాను. ప్రొఫెసర్ గారూ చూశారు. "ఇది ఇంతవరకూ ఎవరూ రాయనిది కావచ్చు" అన్నారు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఆ రోజు ఇంటికొచ్చేలోపు బస్సులోనే దానికి నాలుగైదు పేర్లు ఆలోచించుకున్నాను. నా బతుకులో అంత సంతోషపడిన రోజు ఇంకొకటి లేదు, దాచుకోవడం ఎందుకు!

మరుసటి ఏడు ఇంకొన్ని తెద్దామని వెళ్తే ఆ మొగే లేదు. రేవు కడుతున్నారట. ఇల్లంత బండరాళ్ళు తెచ్చి పోసి, ఇసుక తోడేసి, కంచె వేశారు. కాపలా అతను నన్ను అటు అడుగు వేయనివ్వలేదు. అంటే ప్రపంచంలో ఆ రకానికి సాక్ష్యం నా దగ్గరున్న ఒక్క సీసా. దాన్ని, మిగతా సీసాలతో కలిపి, నిపుణులకు చూపించి ఒక మ్యూజియంలో అప్పగించాలి. అప్పగించాకే నా పిహెచ్‌డి సిద్ధాంత గ్రంథం తీసుకుంటారు. నా గడువు అప్పటికే ఆఖరిసారి పొడిగించారు. కొరియర్ వాడు స్పిరిట్ అనగానే చేతులు ఎత్తేశాడు, మంటలంటుకునే సరుకు పంపకూడదట. వేసవిలో పేపర్లు దిద్దే డ్యూటీ అయిపోగానే నేనే స్వయంగా మోసుకెళ్ళాలని నిర్ణయించుకున్నాను.

ఈలోగా గోరుచుట్టు మీద రోకటిపోటు. జువాలజీలో చేరే పిల్లలు ఏటేటా తగ్గిపోతుంటే మా ప్రైవేటు కాలేజీ వాళ్ళు ల్యాబు ఎత్తేసి కంప్యూటర్ పరీక్షల గది చేశారు. "ఈ పురుగుల సీసాలు తీసకపోండి మేడమ్, లేదంటే మేమే యాడన్నా పారేస్తాం" అన్నాడు ఆఫీసాయన, ఏదో నా మీద దయ చూపిస్తున్నట్టు. పారేస్తాడట! అట్టపెట్టెల్లో పాత చీరలు చుట్టి సర్ది, ఆటో మాట్లాడుకుని, గతుకు వచ్చినప్పుడల్లా "మెల్లగప్పా, మెల్లగా" అని ఆ అబ్బాయి ప్రాణం తీస్తూ ఇంటికి తెచ్చుకున్నాను. లోపలి గదిలో ఇనుప ర్యాకు మీద వరసగా పెట్టి, ముందర ఒక దుప్పటి వేలాడదీశాను.

ఇంట్లో నేను, మా నాయన. అమ్మ పోయింది. నాయన ధర్మవరంలో పట్టుమగ్గం మీద బతికిన మనిషి. గుంతమగ్గంలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని కూర్చుని మోకాళ్ళు అరిగిపోతే మగ్గం అమ్మేసి నా దగ్గరికి వచ్చేశాడు. ఇక్కడ ఆయనకు పొద్దు పోదు. పక్కింటివాళ్ళ కుండీల్లో నీళ్ళు పోస్తాడు, గోడ మీద పిట్టలకు మూకుడులో పోస్తాడు, దారిన పోయే కుక్కకు పోస్తాడు. నీళ్ళు దొరకని ఊళ్ళో ఇదేం దానం నాయనా అంటే, "ఎండనిస్తే ఏదైనా తెగుతాది పాపా" అంటాడు. అది మగ్గం నేర్పిన మాట. మా ప్రాంతపు ఎండలకు పట్టుపోగు పెళుసెక్కి పుటుక్కున తెగుతుంది. అందుకే వేసవిలో మగ్గం గుంతలో నీళ్ళు చల్లేవాడు, పడుగు పక్కన తడిపిన గోనెపట్టా వేలాడదీసేవాడు. తాగడానికి లేని రోజున కూడా ఆ గోనెపట్టా ఆరనిచ్చేవాడు కాదు. అమ్మ తిట్టేది. "పోగు తెగితే మనం తెగినట్టే" అనేవాడు.

పేపర్లు దిద్దడానికి నన్ను వేరే ఊరు వేశారు. వెళ్ళే ముందు సీసాలన్నింటిలో స్పిరిట్ సమంగా నింపి, మూతలు బిగించి వెళ్ళాను. ఆ ఏడు ఎండలు మనుషుల్ని కాల్చుకు తిన్నాయి. రోజూ ఫోన్‌లో నాయన తిన్నదీ తిననిదీ అడిగేదాన్ని. ఆయన, "నా సంగతి ఇడ్సిపెట్టు. నీ పురుగుల్ని నేను చూసుకుంటాండాలే, నువ్వేం బెంగ పెట్టుకోవాకు" అనేవాడు. చీమలు పట్టకుండా చూస్తున్నాడేమో అనుకుని, "చూసుకో నాయనా" అన్నాను. తిరిగొచ్చి దుప్పటి తొలగించి చూస్తే సీసాలన్నీ మెడ దాకా నిండుగా ఉన్నాయి. ఇంత ఎండలోనూ చుక్క తరగలేదంటే మూతలు ఎంత గట్టివో అని మురిసిపోయి, గ్రంథంలో మిగిలిన పేజీల పనిలో పడ్డాను.

ప్రయాణానికి ముందు ఒక ఉదయం అన్నీ ఒకసారి సరిచూద్దామని మొదటి సీసా మూత తీశాను. స్పిరిట్ వాసన రాలేదు. వచ్చింది వేరే వాసన, రెండు రోజులు మూత పెట్టి మరిచిపోయిన పప్పు వాసన. కుంచెతో ఒకదాన్ని ఎత్తబోతే పైకి రాలేదు, నీళ్ళలోనే నలకలైపోయింది. ఇంకో సీసా తీశాను. బూజు. ఇంకోటి, అడుగున తెల్లటి గంజి. ఆ మొగ దగ్గరి సీసా తీసి, అడుగున ఉన్నది కొంచెం గాజుపలక మీద వేసి, ఇంట్లో ఉన్న చిన్న సూక్ష్మదర్శినిలో పెట్టి చూశాను. కళ్ళు లేవు, కాళ్ళు లేవు, కత్తెర ముళ్ళు లేవు. ఆ తోకల్లోని గుండ్లు మాత్రం మెరుస్తూ అక్కడక్కడా పడి ఉన్నాయి. ఉత్త గుండు చూసి ఇది ఫలానాది అని చెప్పడం నా వల్ల కాదు, నాకు నేర్పినవాళ్ళ వల్లా కాదు.

"ఎవరు ముట్టినారు ఈ సీసాలు?" అని అరిచాను. వీధిలో కూడా వినబడి ఉంటుంది.

నాయన వసారాలోంచి గోడ పట్టుకుంటూ వచ్చాడు. మొహం నిండా సంతోషం. ఇన్నాళ్ళకు అడిగింది కదా అని. "నేనే పాపా. ఎండలకు సీసాలు అడుగంటుతాండె. ఒక పక్క నువ్వు ఊర్లో లేవు, ఇంగో పక్క అవి ఎండిపోతాండె. సూస్తా సూస్తా ఎట్ల ఊరుకునేది? మూత తీసి రోజూ ఇంతింత పోస్తా వచ్చినా. కొళాయి నీళ్ళు కాదులే, క్యాను నీళ్ళే పోసినా. నేను కొళాయివి తాగుతాంటి."

నేను చేతిలో మూతతో ఆయన వైపే చూస్తూ నిలబడ్డాను. అది మెప్పు అనుకున్నాడేమో, ఇంకొంచెం గొంతు తగ్గించి, "సముద్రపువి కదా అని చిటికెడు ఉప్పు గూడా కలిపినా" అన్నాడు.

నస్యం పీల్చి పీల్చి ఆయన ముక్కుకు వాసన తెలియడం ఎప్పుడో మానేసింది. లేకపోతే మొదటిరోజే తెలిసేది, సీసాలో ఉన్నది నీళ్ళు కాదని.

"అది స్పిరిట్ నాయనా! నీళ్ళు కాదు! నీళ్ళు పోస్తే కుళ్ళిపోతాయి! అన్నీ కుళ్ళిపోయినాయి, నాశనం, నా చదువంతా నాశనం!" ఇంకా ఏమేమి అన్నానో. నన్ను బతకనివ్వవా అని కూడా అన్నాను.

ఆయన సీసాల వైపు చూశాడు, నా వైపు చూశాడు. "నీళ్ళు పోస్తే కుళ్ళుతాయా?" అన్నాడు. నన్ను అడగడం లేదు, తనను తాను అడుగుతున్నట్టు అన్నాడు. "సచ్చినవని తెలుసు పాపా నాకు. పట్టుపురుగు సచ్చినంక గదా మనకు దారమొచ్చేది. సచ్చినా దారానికి తడి కావల్ల కదా." ఈ నేల మీద పుట్టి, ఆకాశం వైపు చూసి చూసి ముసలివాడైన మనిషికి, నీళ్ళు పోయడం వల్ల ఏదైనా పాడవుతుందని ఎవరు చెప్పి ఉంటారు!

ప్రొఫెసర్ గారికి ఫోన్ చేశాను. ఆయన రిటైరై చాలా కాలమైంది, చెవి కూడా సరిగా వినబడదు. రెండుసార్లు చెప్పించుకున్నారు. "ఏవైనా మిగిలాయా?" అన్నారు. లేదన్నాను. "మొగ దగ్గరిది?" అన్నారు. అది కూడా లేదన్నాను. "అయితే చుక్కలు తీసెయ్యాలమ్మా. నాకూ బాధగానే ఉంది. కానీ తీసెయ్యాలి" అన్నారు. మళ్ళీ తీరమంతా తిరిగి మిగతావి తెచ్చుకోవచ్చు కదా అని ఆయన అనలేదు. గడువు సంగతి ఆయనకూ తెలుసు, నా వయసూ తెలుసు. తిరిగినా మొగ తిరిగి రాదు.

పటం కంప్యూటర్‌లో ఉంది. ఒక్కొక్క చుక్క మీద నొక్కి తీసెయ్యాలి. ఒక్కపూటలో అయ్యే పనే. నాకు చాలా రోజులు పట్టింది. ఒక చుక్క తీసినప్పుడల్లా ఆ ఒడ్డు గుర్తొస్తుంది, కాలికి గుచ్చుకున్న ఆల్చిప్ప, మంచినీళ్ళు ఇచ్చిన ఇల్లు, వల చిరిగితే కుట్టిచ్చిన మనిషి. అవన్నీ ఉన్నట్టే. ఆ ప్రాణులు మాత్రం లేనట్టే. ఎవరికి కావాలి ఇదంతా, పిల్లి కూడా ముట్టని వాటి పటం అని నాకు నేను చెప్పుకోవడానికి ప్రయత్నించాను. నాకు కావాలి! ఈ కరువు నేల మీద పుట్టి, నలభై దాటే దాకా నేను కూడబెట్టుకున్నది అదొక్కటే.

నాయన ఆ రోజుల్లో నాతో ఎక్కువ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. కోపం పోయింది గానీ దాని చోటులోకి ఇంకేదీ రాలేదు. అన్నం పెడితే తినేవాడు, తిన్న కంచం తనే కడుక్కునేవాడు. చివరి చుక్కలు తీస్తున్న రోజు వెనక నుంచి వచ్చి నిలబడ్డాడు. మెడ తిరగదు కదా, ఒళ్ళంతా తిప్పి తెర వైపు చూశాడు.

"అదేనా సముద్రం?"

"అది సముద్రం. ఇది ఒడ్డు."

"చుక్కలుండె కదా మొన్న?"

"తీసేస్తాండా."

"తీసేస్తే ఇంగ ఆడ అవి లేనట్లేనా?"

"ఉన్నాయని చెప్పడానికి లేదు. సీసా ఉంటేనే ఒప్పుకుంటారు."

"నువ్వు కండ్లారా సూసినావు కదా?"

"నేను చూస్తే చాలదు నాయనా. నా ఒక్కదాని మాట ఎవరూ నమ్మరు."

"నువ్వొక్కదానివేనా?" అన్నాడు నాయన. గొంతులో ఎన్నాళ్ళకో కొంచెం బలం వచ్చింది. "నేను గూడా సూసినా. నీళ్ళు పోసేటప్పుడు ఒక్కొక్క సీసా ఎండకు పట్టి సూసినా కదా. నల్ల కండ్లు, సన్న కాళ్ళు. అన్నీ ఉండె పాపా, బాగుండె. ఇద్దరం సూసినామని రాయి. మన ఊర్లో ఇల్లు రాసిచ్చేదానికైనా ఇద్దరు సాక్షులుంటే చాలు. నేను సంతకం పెడతా."

అది చెల్లదని నాకు తెలుసు. చెప్పలేకపోయాను. "సరే నాయనా, రాస్తాలే" అన్నాను.

ఆయన గోడ పట్టుకుంటూ లోపలికి వెళ్ళాడు. ట్రంకుపెట్టె మూత చప్పుడు వినబడింది. కళ్ళద్దాలు పెట్టుకుని, చేత్తో పెన్ను పట్టుకుని తిరిగొచ్చి, నా కుర్చీ పక్కన నిలబడి, ఖాళీ అయిపోయిన ఆ తీరం మీదికి వంగి, "యాడ పెట్టల్ల పాపా?" అన్నాడు.